తోపుడు బండి ఉచితంగా ఇవ్వాలా, వాయిదాల మీదా? (విజయనగరం)

కంటోన్మెంట్_వాసి
మా వార్డులో ఒక సేవా సంస్థ ఉంది, నేనూ అందులో సభ్యుణ్ణే. జూట్ మిల్లు పని పోయిన ఇళ్లలోని ఆడవాళ్లకి ఇన్నాళ్లూ కుట్టు నేర్పించాం. ఈసారి దాతల డబ్బుతో తోపుడు బళ్లు కొనిద్దామనుకుంటున్నాం. సగం మంది ఉచితంగా ఇద్దామంటున్నారు, మిగతావాళ్లు నెలనెలా కట్టించుకుందామంటున్నారు. మీరేమంటారు?

ఎంజీరోడ్డు_కొట్టు
ఉచితం వద్దే వద్దు. ఊరికే వచ్చిన బండిని ఏడాది తిరక్కుండా అమ్మేస్తారు. ఇదివరకు పంచిన కుట్టు మిషన్లు సెకండ్ హ్యాండ్ కొట్లలో తేలాయి, నా కళ్లతో చూశాను. వాయిదా కట్టాలన్న భయం ఉంటేనే పొద్దున్నే బండి బయటికి తీస్తారు. నేను బట్టల కొట్టు పెట్టినప్పుడు నాకెవరూ ఊరికే ఇవ్వలేదు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి లోను తెచ్చుకున్నాను.

అయ్యకోనేరు_అమ్మాయి
అన్నయ్యా, ఆ మిషన్లు ఎందుకమ్ముకున్నారో అడిగారా? ఒకే వీధిలో అందరికీ జాకెట్లు కుట్టడం నేర్పి, సర్టిఫికెట్లిచ్చి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. అందరూ కుట్టేవాళ్లే అయితే కుట్టించుకునేదెవరు? మా అమ్మ ఇడ్లీ బండి మీదే మమ్మల్ని పెంచింది. బండి అద్దెది. సరుక్కి పొద్దున్న 900 తెస్తే రాత్రికి 1,000 కట్టాలి. అలాంటివాళ్లకి మీరు ఇంకో వాయిదా పెడతారా?

లెక్కల_మేష్టారు
రోజుకి నూటికి పదకొండు రూపాయలకి పైనే పడింది ఆ వడ్డీ.

నెల్లిమర్ల_కుర్రాడు
బళ్లెందుకండీ, ఉద్యోగాలిప్పించండి. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో షిఫ్టులకి మా వాళ్లు వెళ్తున్నారు కదా.

అయ్యకోనేరు_అమ్మాయి
చంటిపిల్ల ఉన్న తల్లి నైట్ షిఫ్టుకి పైడిభీమవరం ఎలా వెళ్తుంది తమ్ముడూ? నలభై దాటినామెని ఎవరు తీసుకుంటారు?

లెక్కల_మేష్టారు
అప్పే కావాలంటే పీఎం స్వనిధి ఉంది, వీధి వ్యాపారులకి అప్పిప్పించే కేంద్ర ప్రభుత్వ పథకం. 2020లో 10,000తో మొదలైంది. ఇప్పుడు మొదటి విడత 15,000, అది తీర్చాక 25,000, ఆపైన 50,000 దాకా ఇస్తారు. సమయానికి కడితే 7 శాతం వడ్డీ రాయితీ. దాతల డబ్బుతో సంస్థ మళ్లీ అప్పుల లెక్కలు రాసుకోవడం దేనికి? కాకపోతే ఆ అప్పుకి వీధి వ్యాపారి సర్టిఫికెట్టో, సిఫార్సు లేఖో చూపించాలి. కాగితం లేనివాళ్లే రోజువారీ వడ్డీకి దొరుకుతున్నారు.

ఎంజీరోడ్డు_కొట్టు
మేష్టారూ, స్వనిధి సంగతి సరే. అక్కడా తిరిగి కట్టాలి కదా. నేనంటున్నదీ అదే. ఉచితం ఇవ్వకూడదు.

అయ్యకోనేరు_అమ్మాయి
ఎన్నిసార్లు చెప్పినా మీకు ఆ ఒక్క మాటేనా? సేవా సంస్థ డబ్బు దాతలది, మీ జేబులోది కాదు. మీకెందుకంత బాధ?

ఎంజీరోడ్డు_కొట్టు
బాధెందుకో చెప్తాను, వినండి. అద్దె, అడ్వాన్సు, కరెంటు, జీఎస్టీ, ట్రేడ్ లైసెన్స్, ఇద్దరు పనివాళ్ల జీతాలు నెత్తిమీద పెట్టుకుని కొట్టు తెరుస్తున్నాను. నా మెట్ల ముందే నాలుగు బళ్లుంటాయి. లోపల నేనమ్మే నైటీలే బయట తక్కువకి అమ్ముతారు. సిరిమాను పండగప్పుడు జనమంతా అటే వస్తారు, నా కొట్లోకి అడుగుపెట్టడానికి దారి ఉండదు. బండివాళ్లు జాగాకి కట్టే ఆశీలు తప్ప ఏం కడుతున్నారు? ఇప్పుడు మీ సంస్థ ఇంకో పాతిక బళ్లు తెచ్చి అక్కడే పెడుతుంది. నా దగ్గర పనిచేసే ఇద్దరివీ ఉద్యోగాలే కదా? వాళ్లూ పేదవాళ్లే.

అయ్యకోనేరు_అమ్మాయి
ఇదేటి, ఇంతసేపూ వాయిదాలన్నారు! వాయిదా కట్టిన బండైతే మీ మెట్ల ముందు ఉండనిస్తారా? ఉండనివ్వరు. అసలు తగువు జాగా కోసం.

మా అమ్మ బండిని ఒక రోజు మున్సిపాలిటీవాళ్లు ఎత్తుకెళ్లారు. ఏం తీసుకెళ్లారో కాగితం ముక్క ఇవ్వలేదు. రుబ్బిన పిండంతా పులిసి పారబోశాం. ఆ రోజు తెచ్చిన 900కి మాత్రం వెయ్యీ కట్టాం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టుకున్న సరుక్కి జాబితా ఇవ్వాలి, పాడయ్యే సరుకు అడిగిన రోజే తిరిగివ్వాలి, మిగతావి రెండు పనిదినాల్లో. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, కుట్టు నేర్పినవాళ్లు కూడా. మా అమ్మకి కొత్త బండి ఇచ్చినా దాన్నీ ఎత్తుకెళ్లేవారే.

లెక్కల_మేష్టారు
అదే చట్టం కింద పట్టణ వెండింగ్ కమిటీ, అంటే వీధి వ్యాపారాల సంగతి చూసే కమిటీ, ఉండాలి. అందులో వీధి వ్యాపారులు కనీసం 40 శాతం, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. స్వచ్ఛంద సంస్థలకి కనీసం 10 శాతం చోటుంది. వర్తక సంఘాలకీ ఉంది బాబూ, కొట్లవాళ్లని చట్టం మర్చిపోలేదు. ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసివ్వాలి.

ఎంజీరోడ్డు_కొట్టు
గీత గీసి ఇక్కడ బండి, ఇక్కడ దారి అని తేల్చితే నేను అడ్డు చెప్పను. రింగ్ రోడ్డు వైపు బోలెడు స్థలం ఉంది.

అయ్యకోనేరు_అమ్మాయి
రింగ్ రోడ్డులో పొద్దున్న ఆరింటికి ఇడ్లీ ఎవరు తింటారు? మూడు లాంతర్ల దగ్గర పనికెళ్లేవాళ్లు తింటారు. జనం లేని చోటికి పంపడమూ వ్యాపారం ఆపడమే. మొదట్నుంచీ బేరం జరుగుతున్న చోటుని సహజ మార్కెట్టుగా చట్టమే గుర్తించింది.

కంటోన్మెంట్_వాసి
ఆదివారం మా సంస్థ సమావేశం. మా జాబితాలో ఉన్న ఆడవాళ్లలో వీధి వ్యాపారి సర్టిఫికెట్ ఎంతమందికుందో మేం అసలు రాసుకోలేదు. బళ్ల ఆర్డరు ఆపి, ముందు ఆ కాగితాల పని చూద్దామని అడుగుతాను. చెల్లెమ్మా, మీ అమ్మగారిని తీసుకురండి. కొట్టుగారూ, మీరూ రండి.

ఎంజీరోడ్డు_కొట్టు
వస్తాను. మా వర్తకుల్లో ఇంకో ఇద్దరిని తెస్తాను. మెట్ల ముందు దారి మాట తేలకుండా మాత్రం మేం లేవం.

అయ్యకోనేరు_అమ్మాయి
పొద్దున్న పది గంటలకైతే అమ్మకి రావడం కుదరదు, బండి మీద ఉంటుంది. మధ్యాహ్నం పెట్టండి.