ఒంటరి జంటా, ఒంటి జంటా?

పద్యప్రియ: తెలుగు మాధ్యమం రసాయన పాఠంలోని మాట ఒకటి సగమే గుర్తొస్తోంది. లైగాండ్ (లోహానికి ఎలక్ట్రాన్లిచ్చి అంటుకునే అణువు) ఇచ్చే, ఇంకా ఎవరితోనూ పంచుకోని ఎలక్ట్రాన్ల జత "ఒంటరి జంట"నా, "ఒంటి జంట"నా? ఆ "రి" ఒక్కటే తేలడం లేదు.

కచటతప: "రి" ఉండాల్సిందే. ఒంటిపూట బడి, ఒంటెద్దు బండి. ఒంటి అంటే లెక్క. నీటిలో ఆక్సిజన్ మీద రెండు జతలున్నాయి, "రెండు ఒంటి జంటలు" అంటామా? ఒంటరి అంటే తోడు లేనిది.

ప్రయోగశాల: తోడు లేనిదన్న అర్థంతోనే నా పేచీ. రసాయన శాస్త్రవేత్త అర్డుయెంగో 1991లో స్ఫటికంగా తీసిన కార్బీన్ చూడండి. కార్బీన్ అంటే రెండే బంధాలతో, పంచుకోని ఒక జంటతో ఉన్న కార్బన్ గల అణువు. కార్బన్‌కు అటూ ఇటూ నైట్రోజన్లు, వాటి మీద భారీ అడమాంటైల్ గ్రూపులు. నైట్రోజన్లు తమ జంటల్ని కార్బన్ మీది ఖాళీ పి ఆర్బిటాల్‌లోకి, అంటే ఎలక్ట్రాన్లకు చోటున్న గదిలోకి, నెడతాయి. ఇక కార్బన్‌కు ఇచ్చే గుణమే మిగులుతుంది, హైడ్రోజన్ వాయువుతో పలకదు. ఒక నైట్రోజన్ తీసేసి అక్కడ నాలుగు బంధాల కార్బన్ పెట్టండి. జంట శక్తి పైకి లేస్తుంది, ఖాళీ ఆర్బిటాల్ అందుబాటులోకొస్తుంది. అలాంటి కార్బీన్ హైడ్రోజన్‌నూ అమ్మోనియానూ చీల్చగలదని బెర్ట్రాండ్ బృందం 2007లో చూపింది. అది పరివర్తన లోహాల పని అనుకునేవాళ్లం! జంట అదే, పొరుగే మారింది.

కచటతప: జంటంటే ఇద్దరూ ఎదురుగా ఉండాలనేముంది? తిరుపతి శాస్త్రిగారు 1920లో పోయాక కూడా చెళ్లపిళ్లవారు జంట పేరుతోనే రాశారు. ఒంటరి జంటంటే అదీ.

పద్యప్రియ: కాదండీ, అది జంటలో ఒంటరి. విశేషణం ఎక్కడ పడుతుందో చూడాలి. అవధానంలో ఆయన ధార...

ప్రయోగశాల: ధార తర్వాత. "ఒంటరి" అనిపించుకోవడం ఆ జంటకు ఊరికే రాదు. అర్డుయెంగో రకం కార్బీన్‌కు ముడిసరుకైన ఇమిడజోలియం లవణాన్ని తేమలేని టీహెచ్‌ఎఫ్ అనే ద్రావణిలో, ఆర్గాన్ కింద, సోడియం హైడ్రైడ్‌తోనూ చిటికెడు పొటాషియం టెర్షియరీ బ్యూటాక్సైడ్‌తోనూ కలిపితే కార్బన్ మీది ప్రోటాన్ ఊడి హైడ్రోజన్ బుడగలొస్తాయి. అణువులో ఏ పరమాణువు ఎలా ఉందో చూపే ఎన్‌ఎంఆర్ పరీక్షలో 9, 10 పీపీఎం మధ్య ఆ ప్రోటాన్ సంకేతం మాయమవ్వాలి, కార్బన్ సంకేతం 210 దాటాలి. బెర్ట్రాండ్ రకానికి లిథియం క్షారం వాడితే లిథియం వచ్చి ఆ జంట మీదే కూర్చుంటుంది, విడదీయడం కష్టం. అందుకే పొటాషియం క్షారం. తేమ తగిలితే ప్రోటాన్ తిరిగి ఎక్కుతుంది, ఒంటరితనం అక్కడితో సరి.

కచటతప: అయితే బంధ జంటను "పొత్తు జంట" అందాం, ఎదురుగా "ఒంటరి" చక్కగా నిలబడుతుంది. అన్నట్టు లైగాండ్ అన్న మాటను తొలుత వాడింది స్టాక్, సోమియెస్కీ, అదీ సిలికాన్ రసాయనంలో. లాటిన్‌లో కట్టివేయడమని మూలం.

పద్యప్రియ: పొత్తు బాగుంది. కానీ బంధంలోకి రాకుండా మొరాయించే జంటను "జడ జంట" అంటారే, అందులో జడ సంస్కృతమా, తెలుగు జడా అని పిల్లలు అడిగితే? ముందు ఆ పాత పాఠం పేజీ ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, "రి" సంగతి చూద్దాం.