సమస్య: కప్పి కప్పి తాక కలిగె గుంపు

నిర్వాహకుడు: ఇంగ్లిష్‌లో కిక్కిరిసిన చోటును ‘చాక్-ఎ-బ్లాక్’ అంటారు కదా, ఆ మాట పుట్టుక చదువుతుంటే ఈ పాదం దానంతటదే వచ్చింది. పూరించండి.

చంపకం:
నావ చాప బిగియ నావికుల్ లాగంగ
నడుమ తాడు లేక నడక యాగె
ఆంగ్ల జనుల నోట నామాట నానంగ
కప్పి కప్పి తాక కలిగె గుంపు

‘బ్లాక్’ అంటే ఓడలో తాడు నడిచే కప్పీ. తాడు లాగేకొద్దీ రెండు కప్పీలు దగ్గరవుతాయి. ఒకదానికొకటి తగిలాక ఎంత బలం పెట్టినా అంగుళం కదలదు. ఓడవాళ్ల ఆ మాటే తర్వాత సందు లేని జనానికి వచ్చింది.

యతిమిత్ర: ‘నోట నామాట నానంగ’! ఈ ఒక్క పాదం కోసం మిగతా మూడూ మోయవచ్చు. నోట్లో నానీ నానీ అర్థం మారిపోవడం ఇందులో కనిపిస్తోంది. ఒక్క మాట మాత్రం. 1840లో అచ్చయిన ఒక నావికుడి అనుభవాల పుస్తకంలో ఇది కప్పీల అర్థంలోనే ఉంది, నిజమే. కానీ కిక్కిరిసి నిండిందనే అర్థంలో ‘చాక్-ఫుల్’ అంతకు కొన్ని శతాబ్దాల ముందు నుంచే వాడుకలో ఉంది. నిండుదనమంతా కప్పీలకే కట్టబెట్టకండి.

చంపకం: ఒప్పుకుంటాను. గుంపు అన్నానే గాని నిండుదనం అనలేదు.

తేనెపట్టు: నాకు ‘కప్పి’ క్రియగా తోచింది.

కాకిగూళ్ల పేరు గల పేద వాడలో
చూరు చూరు నంటె చోటు లేక
పూరి మీద పెంకు పేర్చుచున్ నరులెల్ల
కప్పి కప్పి తాక కలిగె గుంపు

ఇది ‘రూకరీ’. రూక్ అనే కాకిజాతి పక్షులు గూళ్లన్నీ ఒకేచోట కడతాయి. లండన్‌లో సెయింట్ జైల్స్ మురికివాడను ఆ పేరుతోనే పిలిచేవారు. 1847లో న్యూ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌ను దాని మధ్యనుంచే వేశారు. ఇళ్లు పోయినవాళ్లు పక్క సందుల్లో ఇంకా ఇరుక్కున్నారు.

నిర్వాహకుడు: కప్పీని కప్పడంగా మార్చారే! నేనసలు ఊహించలేదు.

యతిమిత్ర: మూడో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో నడుమ అక్షరం కుదరడం, ‘పూ’కు ‘పే’తో ఎలా కుదిరిందండీ? అయినా పూరి మీద పెంకు ఎవరు పరుస్తారు? ‘పెంకు మీద పెంకు’ అంటే యతీ నిలుస్తుంది, ఇల్లూ నిలుస్తుంది. పోయిన నెల ఇంగ్లిష్ ‘మాబ్’ను, అంటే అల్లరిమూకను, ‘మాబు’ చేసిన మీ పద్యంలోనూ ఇదే తొందర.

తేనెపట్టు: పెంకు సంగతి మీదే సరి, మార్చాను. ‘మాబు’ మాత్రం వదలను. ‘మాబ్’ ఒక్క గురువే (రెండు మాత్రల అక్షరం), గణం అనే అక్షరాల కూర్పుకు ఇంకో లఘువు (ఒక మాత్ర అక్షరం) కావాలి, ఉకారం చేర్చాను. మీరు తప్పన్నారు. బస్సు, రోడ్డు అలాగే కదా మనవయ్యాయి? ఆ మాటే లాటిన్ ‘మొబిలే వుల్గుస్’, అంటే నిలకడలేని జనం, తోక తెగి వచ్చింది. 1710లో రచయిత జోనథన్ స్విఫ్ట్ ఇలాంటి కత్తిరింపుల మీద విరుచుకుపడుతూ దీన్నీ లెక్కలో వేశాడు. మాట ఆగిందా?

యతిమిత్ర: ఆగలేదు. అయినా ఆ పద్యం రెండో పాదంలో గణం ఇప్పటికీ కుంటుతోంది, దాన్ని స్విఫ్ట్ మీద వేయకండి.

చంపకం: తేనెపట్టు గారూ, ‘తాక’కు కర్త చూరా, నరులా?

తేనెపట్టు: చూరే. రెండో పాదంలోనే అంటుకుంది, చూడండి.