తక్కువ బడ్జెట్‌లో నమ్మకమైన డీజిల్ లోడు బండి: ఏం చూసి కొనాలి?

కొత్తబండి
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ అద్దె బండ్లతోనే నెట్టుకొచ్చాను. ఇప్పుడు సొంతంగా డీజిల్ ట్రక్కు కొందామని గట్టిగా అనుకున్నాను. కొత్తది నా వల్ల కాదు, సెకండ్ హ్యాండే. నాలుగైదు బండ్లు చూశాను, పైకి అన్నీ బాగానే కనిపిస్తున్నాయి. టెన్షన్ అంతా అదే. తప్పు బండి తెచ్చుకుంటే మళ్లీ కోలుకోలేను. మీరు ఏం చూసి కొన్నారు, ఏం చూడక నష్టపోయారు, చెప్పండి.

స్టీరింగ్20
తమ్ముడూ, కంపెనీ పేరు తర్వాత. లోడు ఎంత, ట్రిప్పు ఎంత దూరం, రోజుకు ఎన్ని ట్రిప్పులు? ముందు అవి రాయి.

కొత్తబండి
సిమెంటు, ఇనుము. ట్రిప్పుకి 3 టన్నుల దాకా అన్నా. ఒక్కోటి 7, 8 కిలోమీటర్లు, రోజుకు ఐదారు.

స్టీరింగ్20
అయితే నీకు అన్నిటికంటే ముఖ్యం ఆ చిన్న ట్రిప్పులే. ఈమధ్య బండ్లకు సైలెన్సర్ దగ్గర మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసి కాలిపోవాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల వేడి రావాలి. ఆగకుండా కాసేపు రోడ్డు మీద పరిగెత్తితే ఆ పని దానంతటదే జరుగుతుంది. 7 కిలోమీటర్లకోసారి ఆపేస్తే కాలడం మధ్యలోనే ఆగిపోతుంది. లైటు వెలుగుతుంది, పట్టించుకోకపోతే ఒకరోజు లోడుతో ఉండగా బండికి పవర్ పడిపోతుంది. డీపీఎఫ్ ఉన్న బండే తీసుకుంటే వారానికోసారైనా అరగంట హైవే మీద తిప్పు. ఆయిల్ కూడా తక్కువ బూడిద రకమే పొయ్యి. మసి కాలుతుంది కానీ, ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, ఫిల్టరులోనే ఉండిపోతుంది. లోపలంతా తీసేసి ఉత్త గొట్టం బిగించిన బండి చౌకగా వస్తుంది, దాని జోలికి పోవద్దు. తనిఖీలో పట్టుబడేది నువ్వే.

ఇంకోటి. పేపర్లలో ఉన్న మొత్తం బరువు చూసి మోసపోవద్దు. మొత్తం బరువు 7,000 కిలోలు, ఖాళీ బండి 3,200 అని ఉంటే 3,800 లోడు ఎక్కించొచ్చనుకుంటాం. పాత ఓనర్ బాడీకి ఇనుప రేకులు, యాంగిల్స్ కొట్టించి ఇంకో 400 పెంచి ఉంటాడు. ఖాళీ బండిని ఒకసారి కాటా వేయించు.

ఇటుకలోడు
నా అనుభవం చెప్తాను, ఇంకెవరికీ ఇలా జరగకూడదు. నేను చూడ్డానికి వెళ్లేసరికి బండి స్టార్ట్ చేసి ఉంది. "మీరొస్తున్నారని రెడీగా పెట్టాను" అన్నారు. మంచిదే కదా అనుకుని ఒక రౌండు వేసి కొనేశాను. మర్నాడు పొద్దున సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ అయిపోయింది. ఎలాగో లేచింది, కళ్లు మండే తెల్లపొగ. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు పోయాయన్నారు. విప్పి చూస్తే హైప్రెషర్ పంపు అరిగి, ఇనుప రజను పైపుల్లోకి, ఇంజెక్టర్లలోకి పోయింది. పంపు, ఇంజెక్టర్లు, పైపులు అన్నీ మార్చాల్సి వచ్చింది. రెండు నెలలు బండి షెడ్డులోనే. వాయిదాలు మాత్రం ఆగలేదు. ఇంజన్ మీద చెయ్యి పెట్టి, చల్లగానే ఉందని చూసుకోకుండా ఏ బండీ కొనకండి.

పానాసంచి
మెకానిక్‌ని. ఇటుకలోడు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే మన కళ్లముందు స్టార్ట్ చేయించాలి. చల్లటి రోజు కాస్త తెల్లపొగ వచ్చి వెంటనే పోతే భయం లేదు. ఇంజన్ వేడెక్కాక కూడా తీపి వాసనతో తెల్లగా వస్తూనే ఉంటే కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు, లోపలికి పోతోంది. ఇంజన్ హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు నల్లగా కక్కితే గాలి చాలక, లేదా డీజిల్ ఎక్కువై.

తర్వాత ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి అక్కడే ఊరికే పెట్టండి. కొద్దిగా వణికితే ఫర్వాలేదు. ఎగిరి పడిపోయిందా, పిస్టన్ రింగులు అరిగాయని అనుమానించాలి, ఇంజన్ విప్పి బోరు చేయించాల్సి రావచ్చు. ఆయిల్ నల్లగా ఉందని కంగారు పడకండి, డీజిల్ బండిలో మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. పాలు కలిపిన టీలా ఉంటేనే ప్రమాదం. మీటర్ తక్కువ చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే ఆ మీటర్‌ని నమ్మొద్దు.

పాతబాణీ
నా ఓటు మెకానికల్ పంపు ఉన్న పాత ఇంజన్‌కే. సెన్సార్ల గొడవ లేదు, ఎక్కడ ఆగినా బాగు చేసేవాళ్లు దొరుకుతారు.

పానాసంచి
అన్నా, కాదనను. కానీ బాగా చూసుకున్న కామన్ రైల్ ఇంజన్, అంటే కంప్యూటర్‌తో డీజిల్ కొట్టే కొత్త రకం, మైలేజీ ఎక్కువిస్తుంది, శబ్దం తక్కువ. దానికి పడనిది నీళ్లు కలిసిన డీజిల్. ఫిల్టరు కింద నీళ్లు వదిలే నట్టు ఉంటుంది, దాన్ని విప్పే అలవాటు ఎంతమందికి ఉంది? ఇంజన్ ఏదైనా, ఆ మోడల్ బండ్లు మీరు తిరిగే దారిలో ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. స్పేర్లు దొరికేది వాటికే.

కొత్తబండి
రెండు బండ్లు చూసొచ్చాను. మొదటిదానికి చెప్పిన టైముకంటే ముందే వెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టాను, వెచ్చగా ఉంది. అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేశాను. రెండోది మంచులా చల్లగా ఉంది. ఒక్క సెల్ఫ్‌కే లేచింది. మూత పెట్టి చూశాను, అలాగే కూర్చుంది. కాటా వేయిస్తే లోడుకి 3,500 మిగులుతోంది. కాకపోతే వెనక కమాన్ కట్ట పట్టుకునే బ్రాకెట్ దగ్గర కొత్త పెయింటు కనబడింది. గీకితే సన్నటి పగులు. వదిలేయాలా?

పానాసంచి
పగులు బ్రాకెట్‌లోనే ఉందా, ఛాసిస్ పట్టీలోకి పాకిందా? బ్రాకెట్ అయితే మార్చేయొచ్చు. ఛాసిస్ అయితే ఆశ వదులుకోండి. రెండు వైపులా వైరు బ్రష్‌తో రుద్ది, టార్చ్ వేసి చూడండి.

కొత్తబండి
రుద్ది చూశాం. బ్రాకెట్ ఒక్కటే. దాని ఖర్చు తగ్గించి అడ్వాన్స్ ఇచ్చాను. సోమవారం బండి వస్తుంది, నేరుగా షెడ్డుకే. ఆయిల్, ఫిల్టర్లన్నీ మార్చాకే మొదటి లోడు.