పాత డెస్క్‌టాప్‌కి హెచ్‌డీ ట్యూనర్ కార్డు: ఏది తీసుకోవాలి?

కోర్2డ్యుయో
డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను. పాత డెస్క్‌టాప్ ఒకటి ఖాళీగా పడి ఉంది: కోర్ 2 డ్యుయో ఈ8400, 4 జీబీ ర్యామ్, జీ41 బోర్డు. ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఎక్స్16 స్లాటు, ఒక ఎక్స్1, రెండు మామూలు పీసీఐ స్లాట్లు ఉన్నాయి. దీనికి ట్యూనర్ కార్డు (టీవీ సిగ్నల్‌ని కంప్యూటర్‌లోకి తెచ్చేది) పెట్టి యాంటెన్నాతో వచ్చే ఫ్రీ ఛానళ్లు చూడాలి, ఒకేసారి రెండు రికార్డు కావాలి. విండోస్ అయినా లైనక్స్ అయినా పర్లేదు. హాపాజ్ కంపెనీ పీవీఆర్-150 కార్డు కారుచౌకగా దొరుకుతోంది, పనికొస్తుందా? అసలు ఈ ప్రాసెసర్ హెచ్‌డీని తట్టుకుంటుందా?

సాదా_లైనక్స్
పీవీఆర్-150 జోలికి వెళ్లకండి. అది అనలాగ్ కార్డు. అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ 2009 జూన్ 12తో అనలాగ్ ప్రసారం ఆపేశాయి. మీకు కావాల్సింది ఏటీఎస్‌సీ (అమెరికా డిజిటల్ టీవీ ప్రసార పద్ధతి) ట్యూనర్. పెట్టె మీద "హెచ్‌డీ" అని ఉంటే చాలదు, ఏటీఎస్‌సీ అని ఉందో లేదో చూడండి.

ఎక్స్1 స్లాటు ఉంది కాబట్టి హాపాజ్ విన్‌టీవీ క్వాడ్‌హెచ్‌డీ తీసుకోండి. నాలుగు ట్యూనర్లు, యాంటెన్నా వైరు మాత్రం ఒక్కటే, కార్డులోనే నాలుగుగా చీలుతుంది. ఒక జాగ్రత్త: ఇదే పేరుతో యూరప్ కోసం డీవీబీ (అక్కడి డిజిటల్ ప్రసార పద్ధతి) మోడల్ కూడా ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో రెండూ కలగాపులగంగా అమ్ముతుంటారు. డీవీబీది తెచ్చుకుంటే స్కాన్‌లో ఒక్క ఛానల్ కూడా రాదు. డబ్బు ఆదా కావాలంటే పాత హెచ్‌వీఆర్-2250, రెండు ట్యూనర్లు, అదీ ఎక్స్1దే. లైనక్స్‌లో దానికి ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్) ఫైలు విడిగా పెట్టాలి, లేకపోతే కార్డు కనిపిస్తుంది గానీ ట్యూనర్లు లేవవు. పీసీఐ స్లాటే గతి అనుకుంటే హెచ్‌వీఆర్-1600 ఉంది. అందులో డిజిటల్ ట్యూనర్ ఒక్కటే, మీకు చాలదు.

స్లాటు వేగం గురించి బెంగ వద్దు. ఏటీఎస్‌సీ ఛానల్ మొత్తం 19.39 మెగాబిట్లే, అంటే సెకనుకి 2.4 మెగాబైట్లు. నాలుగూ ఒకేసారి రాసినా 10 దాటదు, పాత హార్డ్‌డిస్కు చాలు. ఛానల్ మొత్తం రాస్తే గంటకి 8.7 జీబీ. సబ్‌ఛానళ్లు (అదే సిగ్నల్‌లో కలిసి వచ్చే అదనపు ఛానళ్లు) వదిలేసి ప్రధాన ఛానల్ ఒక్కటే రాస్తే అంతకంటే బాగా తగ్గుతుంది.

ఇక ప్రాసెసర్. రికార్డింగ్‌కి దాదాపు పనేమీ ఉండదు, వచ్చిన స్ట్రీమ్‌ని ఉన్నదున్నట్టు డిస్కు మీద రాయడమే. చూసేటప్పుడు ఎంపెగ్-2 (ఆ ప్రసారంలో వీడియోని కుదించే పద్ధతి) డీకోడింగ్ కూడా ఈ8400 చేసేస్తుంది. కష్టమంతా డీఇంటర్‌లేసింగ్‌లో, అంటే సగం సగం గీతలుగా వచ్చే బొమ్మని పూర్తి బొమ్మగా మార్చడంలో. సీబీఎస్, ఎన్‌బీసీల ఫార్మాట్ 1080ఐ, అలా సగం సగంగా వచ్చేదే. నాణ్యమైన డీఇంటర్‌లేసింగ్‌ని ప్రాసెసర్ మీదే వేస్తే ఆటల్లో బంతి వెనక గీతలైనా వస్తాయి, బొమ్మ అయినా తడబడుతుంది. జీటీ 710 లాంటి చిన్న గ్రాఫిక్స్ కార్డు ఎక్స్16లో పెట్టి ఆ పని దానికి అప్పగించండి. రెండు స్లాట్ల మందం ఉన్నది కొంటే పక్కనున్న ఎక్స్1 మూసుకుపోయి ట్యూనర్ కార్డు పట్టదు, ఒక్క స్లాటుదే చూడండి.

విండోస్_వీరుడు
పైన చెప్పినవి సరైనవే. విండోస్ వైపు రెండు మాటలు. విండోస్ 7లోని మీడియా సెంటర్‌ని (టీవీ చూసే, రికార్డు చేసే ప్రోగ్రామ్) నమ్ముకోకండి, దాని ప్రోగ్రామ్ గైడ్ సేవ 2020 జనవరిలోనే ఆగిపోయింది. విండోస్ 10లో అసలు మీడియా సెంటరే లేదు. కొత్త విన్‌టీవీ సాఫ్ట్‌వేర్ యాక్టివేషన్ కోడ్ అడుగుతుంది, సెకండ్‌హ్యాండ్ కార్డుతో ఆ కోడ్ సాధారణంగా రాదు. డ్రైవర్ మాత్రం వేసుకుని ఉచితంగా దొరికే నెక్స్ట్‌పీవీఆర్ వాడండి.

ఇంకో దారి హెచ్‌డీహోమ్‌రన్. అది కార్డు కాదు, రౌటర్‌కి తగిలించే పెట్టె. స్లాట్ల గొడవ, డ్రైవర్ల గొడవ ఉండవు. రేపు ఈ డెస్క్‌టాప్ పోయినా పెట్టె మిగులుతుంది. నా ఓటు దానికే.

సాదా_లైనక్స్
ఒప్పుకుంటాను, కాకపోతే వైఫై మీద కాదు, ఈథర్‌నెట్ వైరు ఉంటేనే. వైఫై కాస్త తడబడినా రికార్డింగ్‌లో చతురస్రాలు పడతాయి.

యాంటెన్నా_బాబాయ్
అందరూ కార్డు గురించే మాట్లాడుతున్నారు, సిగ్నల్ సంగతి ఎవరూ అడగలేదు. డాలస్ పెద్ద స్టేషన్ల టవర్లు సీడర్ హిల్‌లో ఉన్నాయి. ఫ్రిస్కో నుంచి సుమారు 40 మైళ్లు, దక్షిణానికి, కాస్త పడమటికి. కిటికీకి అంటించే పల్చటి యాంటెన్నా అంత దూరానికి ఆనదు. అటకలో గానీ ఇంటి పైన గానీ పెట్టే యూహెచ్‌ఎఫ్ (14వ ఛానల్ నుంచి పైవి) యాంటెన్నా కావాలి, అది వీహెచ్‌ఎఫ్-హై (7 నుంచి 13 ఛానళ్లు) కూడా పట్టాలి. ఎందుకంటే డబ్ల్యూఎఫ్ఏఏ (డాలస్ ఏబీసీ స్టేషన్) ఇప్పటికీ నిజంగానే 8వ ఛానల్ మీద, వీహెచ్‌ఎఫ్‌లోనే వస్తుంది. అన్నీ వచ్చి అదొక్కటి రాకపోతే తప్పు కార్డుది కాదు. ఆ బ్యాండులో చవక ఎల్ఈడీ బల్బులు, పవర్ అడాప్టర్ల రొద కూడా ఎక్కువ. యాంటెన్నాని కంప్యూటర్ పక్కన పెట్టకండి.

వైరు ఆర్‌జీ-6 వాడండి. 100 అడుగులకి యూహెచ్‌ఎఫ్‌లో దాదాపు 5 డీబీ (డెసిబెల్, సిగ్నల్ తేడాకి కొలత) పోతుంది, రెండు దారుల స్ప్లిటర్ పెడితే ఇంకో 3.5. ఆంప్లిఫయర్ వైరు చివర కంప్యూటర్ దగ్గర కాదు, యాంటెన్నా మొదట్లో పెట్టాలి. దారిలో పోయిన సిగ్నల్‌ని చివర పెంచితే రొద కూడా దాంతోపాటే పెరుగుతుంది. ట్యూనర్ చూపించే ఎస్ఎన్ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె) 15 డీబీ దగ్గరికి దిగితే బొమ్మ ఉన్నట్టుండి తెగిపోతుంది. 20 పైన ఉండేలా చూసుకోండి, వాన రోజుకి కాస్త జాగా ఉంటుంది.

కోర్2డ్యుయో
అర్థమైంది, థాంక్సండి. కేబుల్ వైరు దీనికే తగిలిస్తే? కొత్త తరం ఏటీఎస్‌సీ 3.0 కోసం ఆగాలా? పనయ్యాక ఈ కార్డుని విజయవాడలో మా వాళ్లకి పంపొచ్చా?

సాదా_లైనక్స్
కేబుల్ అనవసరం. మొత్తం డిజిటల్‌గా మారిన కేబుల్ కంపెనీలు ప్రాథమిక ఛానళ్లని కూడా ఎన్‌క్రిప్ట్ చేసుకోవచ్చని (తాళం వేసుకోవచ్చని) ఎఫ్‌సీసీ (అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ) 2012లోనే అనుమతిచ్చింది. క్లియర్ క్వామ్‌లో (తాళం లేకుండా వచ్చే కేబుల్ ఛానళ్లలో) ఏమైనా మిగిలి ఉంటే అదృష్టం.

3.0 కోసం ఆగొద్దు. అందులో వీడియో హెచ్‌ఈవీసీ (ఎంపెగ్-2 కంటే ఎక్కువ కుదించే కొత్త పద్ధతి), ఈ8400 దాన్ని మోయలేదు. పైగా చాలా స్టేషన్లు 3.0 ప్రసారానికి తాళం వేస్తున్నాయి.

విజయవాడలో ఇది పనిచేయదు. అక్కడ డీడీ ఫ్రీ డిష్ అయినా, ప్రైవేటు డీటీహెచ్ అయినా ఉపగ్రహం నుంచి డీవీబీ పద్ధతిలో వస్తాయి. దానికి డీవీబీ-ఎస్2 కార్డు, డిష్ కావాలి. డబ్బు కట్టే ఛానళ్లు ఆ కార్డుతో కూడా తెరుచుకోవు, వాటికి కంపెనీ సెట్‌టాప్ బాక్సే దిక్కు.

యాంటెన్నా_బాబాయ్
ముందు యాంటెన్నా కొని ఇంట్లో ఉన్న టీవీకే తగిలించి స్కాన్ చేయండి. అందులో రాని ఛానల్ ఏ కార్డు పెట్టినా రాదు. కార్డు ఆర్డరు ఆ తర్వాతే.