ఇంట్లో వండే హలీంకు సాగే గుణం రావాలంటే ఏం చేయాలి?

విశాఖపట్నంలో రంజాన్ నెలలో తప్ప మంచి హలీం సులువుగా దొరకదు కనుక, హైదరాబాదు పద్ధతిలో ఇంట్లోనే వండుకుంటున్నాను. అక్కడి వంటవారు భట్టీపై కట్టెల మంటతో దాదాపు 12 గంటలు ఉడికిస్తూ, పొడవాటి కర్ర ఘోట్నాలతో దంచుతారు. నా దగ్గర ఉన్నవి గ్యాస్ పొయ్యి, 5 లీటర్ల కుక్కరు, పప్పు గుత్తి మాత్రమే.

కిలో ఎముకతో కూడిన వేటమాంసానికి పావుకిలో నానబెట్టిన విరిచిన గోధుమలు, శనగ, మినప, పెసరపప్పులు కలిపి ఒక గుప్పెడు తీసుకుని, మాంసాన్ని, గింజలను విడివిడిగా కుక్కరులో ఉడికించి, తర్వాత మందపాటి గిన్నెలో కలిపి మెదుపుతున్నాను. రుచికి లోటు లేదు గాని, గరిటెతో ఎత్తితే తీగలా సాగడం లేదు.

కాలి భాగపు మాంసంలో కండరాలను పట్టి ఉంచే బంధన కణజాలం నిదానంగా ఉడికితే జిగురు వస్తుందని తెలుసు. ఆ జిగురు కుక్కరు వేడికి కూడా వస్తుందా, లేక మూత తీశాక సన్నని సెగపై మరికొన్ని గంటలు ఉంచడం తప్పనిసరా? పులుపు తగిలితే పప్పు త్వరగా మెత్తబడదు కాబట్టి పెరుగును మాంసంతోనే వేయాలా, గింజలు పూర్తిగా ఉడికాక వేయాలా? చిక్కబడిన కొద్దీ అడుగంటుతోంది. గిన్నె కింద ఇనుప పెనం పెడితే సరిపోతుందా?

మిక్సీలో వేయమని మాత్రం దయచేసి చెప్పవద్దు. దానితో మాంసపు పీచు తెగిపోయి, హలీం కాస్తా పచ్చడవుతుంది. ఇంటి పొయ్యి మీద వండిన అనుభవం ఉన్నవారు, వీలైతే నీటి కొలతతో సహా వివరించగలరని మనవి.