ఆఫ్‌షోర్ డ్రిల్లింగ్ పర్మిట్: ప్రభుత్వ ఇంజినీరు ఈ ఫైల్లో ఎక్కడ తప్పు పడతాడు?

కాకినాడ_కెల్లీ అడిగిన ప్రశ్న:

అమెరికా గల్ఫ్‌లో ఆఫ్‌షోర్ బావులకు పర్మిట్లు చూసేది బీఎస్ఈఈ అనే ఫెడరల్ బ్యూరో. అక్కడి పెట్రోలియం ఇంజినీరు టేబుల్ మీదికి ఏపీడీ (బావి తవ్వడానికి అనుమతి దరఖాస్తు), అంటే ఫారం 0123 వస్తే ఏ అంకెలు ముందు చూస్తారో తెలుసుకోవాలని ఉంది. ప్రాక్టీసు కోసం కాగితం మీద ఒక బావి వేశాను:

నిస్సార జలాలు, జాకప్ రిగ్ (కాళ్లు సముద్రపు అడుగున ఆనించే రిగ్), 10,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బీఓపీ, అంటే బావి పొంగితే మూసే వాల్వుల వ్యవస్థ. 9-5/8 అంగుళాల కేసింగ్, అంటే బావిలో దించి సిమెంట్ చేసే ఉక్కు పైపు (అడుగుకు 53.5 పౌండ్లు, పీ-110 గ్రేడు). దాని షూ, అంటే కింది కొన, నిలువు లోతు 10,000 అడుగులు. షూ దగ్గర రాయి ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చూసే టెస్టు విలువ 15.2 పీపీజీ (గ్యాలన్‌కు పౌండ్లు, ఒత్తిడిని మడ్ బరువుగా చెప్పే కొలత) అనుకున్నాను. 12,200 అడుగుల దగ్గర ఒక డిప్లీట్ అయిన (ఉత్పత్తితో ఒత్తిడి తగ్గిన) ఇసుక పొర ఉంది, దాని ఫ్రాక్చర్ గ్రేడియంట్ (పొర పగిలే ఒత్తిడి) 14.1. బావి అడుగుభాగం 13,500 అడుగుల దగ్గర. అక్కడ పోర్ ప్రెజర్ (రాతి రంధ్రాల్లోని ద్రవం ఒత్తిడి) 13.4, మడ్ వెయిట్ (తవ్వకంలో వాడే ద్రవం బరువు) 13.8.

మార్జిన్ 15.2 - 13.8 = 1.4. మాస్ప్, అంటే బావి పైభాగంలో రావచ్చని లెక్కించే గరిష్ఠ ఒత్తిడి, 8,057 పీఎస్ఐ వచ్చింది. నా లెక్కలో పాస్. ఏమంటారు? ఇంకో సంగతి, ఇలాంటి ఉద్యోగం మనవాళ్లకు దొరుకుతుందా?

---

హైడ్రోస్టాటిక్:

ఫైలు వెనక్కొస్తుంది. మీ కూడికలు తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. మార్జిన్‌ను పోల్చకూడని అంకెతో పోల్చారు.

నిబంధన 30 సీఎఫ్ఆర్ (అమెరికా ఫెడరల్ నిబంధనల సంపుటి) 250.414లో ఉంది. మడ్ వెయిట్ పోర్ ప్రెజర్ కన్నా ఎక్కువ ఉండాలి. అలాగే షూ టెస్టు విలువ, తెరిచి ఉన్న హోల్‌లో అతి తక్కువ ఫ్రాక్చర్ గ్రేడియంట్, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానికన్నా కనీసం 0.5 పీపీజీ కింద ఉండాలి. మీ బావిలో తక్కువది 14.1. దాంట్లోంచి 13.8 తీస్తే మిగిలేది 0.3. షూ ఎంత గట్టిదైనా మధ్యలో ఉన్న బలహీన పొరను అది కాపాడదు.

ఇది రూలు కోసం రూలు కాదు. 13.8 అనేది పంపులు ఆపినప్పటి అంకె. సర్క్యులేషన్ మొదలయ్యాక ఘర్షణ వల్ల 0.3, 0.4 కలిసిందంటే ఇసుక దగ్గర 14.1కి చేరుతుంది, లేదా దాటిపోతుంది. మడ్ ఆ పొరలోకి పోతుంది, యాన్యులస్‌లో (పైపు చుట్టూ ఉన్న ఖాళీలో) మట్టం పడిపోతుంది, అడుగున హైడ్రోస్టాటిక్ (మడ్ బరువు వల్ల వచ్చే ఒత్తిడి) తగ్గుతుంది. 13.4 ఉన్న పొర అప్పుడు లోపలికి ప్రవహిస్తుంది. పైన లాస్ (మడ్ పోవడం), కింద కిక్ (పొర ద్రవం బావిలోకి రావడం), రెండూ ఒకే హోల్‌లో. మడ్ బరువు పెంచితే లాస్ ఎక్కువవుతుంది, తగ్గిస్తే కిక్ ఎక్కువవుతుంది.

13.6కు తగ్గిస్తే కాగితం మీద 0.5 వస్తుంది. కానీ పోర్ ప్రెజర్ పైన 0.2 మాత్రమే మిగులుతుంది. పైపు వేగంగా లాగితే స్వాబ్ అయ్యే (కింద ఒత్తిడి తగ్గి పొర ద్రవం లోపలికి వచ్చే) ప్రమాదం ఉంది. పరిశీలించేవాడు ట్రిప్ వేగం (పైపు దించే, లాగే వేగం), స్వాబ్ లెక్క అడుగుతాడు. 0.5 కన్నా తక్కువ మార్జిన్‌కు ఆధారాలతో దరఖాస్తు పెట్టే వీలు రూలులోనే ఉంది. అయితే పక్క బావుల డేటా లేకుండా పెడితే అది వట్టి కాగితమే.

సరైన మార్గం ఇసుక దాటాక, ప్రెజర్ పెరిగేలోపే, ఉదాహరణకు 12,400 దగ్గర, 7 అంగుళాల లైనర్ (పైదాకా రాకుండా పాత కేసింగ్ కింది భాగంలో వేలాడే పైపు) దించడం. ఇక్కడే రెండో తప్పు మొదలవుతుంది.

మాస్ప్ లెక్క. బావి అడుగు నుంచి (0.052 అనేది పీపీజీ, అడుగులను పీఎస్ఐగా మార్చే గుణకం): 0.052 × 13.4 × 13,500 = 9,407. గ్యాస్ కాలమ్ అడుగుకు 0.1 చొప్పున 1,350 తీసేస్తే 8,057. షూ నుంచి: 0.052 × 15.2 × 10,000 = 7,904, దాంట్లోంచి 1,000 తీస్తే 6,904. షూ ముందే పగులుతుంది కాబట్టి పైకి అంతకు మించి రాదు. లైనర్ లేని డిజైన్‌కు రెండిట్లో తక్కువదైన 6,904 సరిపోతుంది. మీరు ఒక్క పద్ధతే చేశారు.

లైనర్ వేశాక కథ మారుతుంది. షూ 12,400కు దిగుతుంది. అక్కడ 15.5 వచ్చిందనుకుంటే 9,994 - 1,240 = 8,754. ఇప్పుడు తక్కువది 8,057. దాన్ని మోసేది పాత 9-5/8 కేసింగే, ఎందుకంటే లైనర్ పైదాకా రాదు. ఆ పైపు బర్స్ట్ (లోపలి ఒత్తిడిని తట్టుకునే హద్దు) 10,900 పీఎస్ఐ. నిబంధన ప్రకారం కనీస టెస్టు 70 శాతం, అంటే 7,630. రావచ్చని మీరే రాసిన 8,057 కన్నా అది తక్కువ. 80 శాతానికి, 8,720కి టెస్టు ప్రతిపాదించండి, లేదా బరువైన పైపు చూడండి. లైనర్ కలిపి పైపు టెస్టు పాత అంకెలోనే వదిలేసే ఫైళ్లను పరిశీలకుడు ఇట్టే పట్టేస్తాడు.

---

టెస్ట్_చార్ట్:

పైన చెప్పినదానికి బీఓపీ సంగతి కలుపుతాను. ర్యామ్‌ల (బీఓపీలో బావిని మూసే ఉక్కు గేట్ల) హై ప్రెజర్ టెస్టు పరికరం రేటింగ్ వరకైనా చేయాలి, మాస్ప్ + 500 వరకైనా చేయాలి. 8,057కు 8,557 అవుతుంది, 10,000 బీఓపీకి ఇబ్బంది లేదు. యాన్యులర్‌కు (పైపు చుట్టూ బిగుసుకునే రబ్బరు ఉంగరానికి) రేటింగ్‌లో 70 శాతం, లేదా పర్మిట్‌లో ఒప్పుకున్న అంకె.

ఎక్కువ గొడవ లో ప్రెజర్ టెస్టులో. అది 250 నుంచి 350 పీఎస్ఐ మధ్యలో, హై టెస్టు కన్నా ముందు జరగాలి. పంపు కాస్త ఎక్కువ కొట్టి 350 దాటితే, 500 లోపే ఉంటే, వెనక్కి వదిలి 250-350కి తెచ్చుకోవచ్చు. 500 దాటిందంటే పూర్తిగా సున్నాకు దించి మళ్లీ మొదలు. ఎక్కువ ప్రెజర్ తగిలితే రబ్బరు సీలు నొక్కుకుని కూర్చుంటుంది. ఆ తర్వాత దించితే లీకయ్యే సీలు కూడా పట్టి ఉన్నట్టే కనిపిస్తుంది. చార్టులో మొదటి గీత 500 పైకి వెళ్లి దిగినట్టుంటే ఇన్‌స్పెక్టరు ఆ టెస్టు లెక్కలోకి తీసుకోడు.

ఒక్కో టెస్టు 5 నిమిషాలు నిలబడాలి. సర్ఫేస్ బీఓపీకి 4 గంటల చార్టు బయటి సగంలోగానీ, 1 గంట చార్టులోగానీ, డిజిటల్ రికార్డరులోగానీ నమోదైతే 3 నిమిషాలు చాలు. మామూలుగా 14 రోజులకోసారి, బ్లైండ్ షియర్ ర్యామ్‌లకు (పైపును కోసి బావిని మూసేవాటికి) 30 రోజులకోసారి.

---

రూల్_పుస్తకం:

చిన్న సవరణ. 14 రోజులు అందరికీ ఒకటే కాదు. 2019 సవరణ తర్వాత 21 రోజుల వ్యవధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పరికరాల ఆరోగ్యాన్ని ఎలా గమనిస్తారో చూపించి, అనుమతి చేతికొచ్చాకే అది వర్తిస్తుంది.

సిమెంట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. సర్ఫేస్, ఇంటర్మీడియట్, ప్రొడక్షన్ కేసింగ్‌లకు సిమెంట్ తర్వాత ప్రెజర్ కింద 12 గంటలు, కండక్టరుకు (బావి పైభాగాన మొదట దించే పెద్ద పైపుకు) 8 గంటలు ఆగాలి. షూ కింద 10 అడుగులు తగ్గకుండా, 50 దాటకుండా కొత్త హోల్ తవ్వి ప్రెజర్ ఇంటెగ్రిటీ టెస్టు చేయాలి. ప్రశ్నలోని 15.2 అంచనా మాత్రమే. అసలు అంకె ఇక్కడ తేలుతుంది. 14.0 వస్తే అప్పుడు చిన్నది 14.1 ఇసుక కాదు, షూ అవుతుంది, మార్జిన్ మళ్లీ చూసుకోవాలి.

ఆఖరి కేసింగ్ స్ట్రింగ్‌కు సిమెంట్ కాక ఒక మెకానికల్ బ్యారియర్ తప్పనిసరి. డ్యూయల్ ఫ్లోట్ వాల్వును (సిమెంట్ వెనక్కి రాకుండా ఆపే జంట వాల్వును) ఒంటరిగా మెకానికల్ బ్యారియర్‌గా లెక్కించరు. సబ్‌సీ బీఓపీ (సముద్రపు అడుగున ఉండేది) ఉన్న బావుల్లో, మడ్‌లైన్ సస్పెన్షన్ (కేసింగ్‌ను సముద్రపు అడుగు మట్టంలో వేలాడదీసే ఏర్పాటు) ఉన్నవాటిలో నెగటివ్ ప్రెజర్ టెస్టు (లోపలి ఒత్తిడి తగ్గించి బావిలోకి ఏమైనా కారుతుందా అని చూసేది) చేయాలి. 2010 ఏప్రిల్ 20న 11 మంది చనిపోయిన మకాండో (డీప్‌వాటర్ హొరైజన్ రిగ్) బావిలో డ్రిల్ పైప్ మీద 1,400 పీఎస్ఐ చూపిస్తుంటే, కిల్ లైన్‌లో (బీఓపీకి పక్కనుంచి కలిసే గొట్టంలో) సున్నా ఉందని పాస్ చేశారు. రెండూ ఒకే బావికి తెరిచి ఉన్నప్పుడు అంకెలు కలవకపోతే ఏదో మూసుకుపోయినట్టే. అందుకే ఆ టెస్టుకు పద్ధతి, పాస్ కొలమానం పర్మిట్ ఫైల్లో ముందే రాయమంటారు.

తవ్వుతుండగా షూ లోతు ఆమోదించినదానికన్నా 100 అడుగులకు మించి మారాల్సివస్తే డిస్ట్రిక్ట్ మేనేజర్ ఆమోదం, ప్రొఫెషనల్ ఇంజినీరు సర్టిఫికేట్ రెండూ కావాలి. ఫోన్ రాత్రి 2 గంటలకు వచ్చేది దీనికే.

---

యాన్యులస్_బి:

బావి ఉత్పత్తిలోకి వచ్చాక పని అయిపోయిందనుకోకండి. అక్కడ మొదలయ్యేది కేసింగ్ ప్రెజర్ పని. ఫిక్స్‌డ్ ప్లాట్‌ఫారం బావిలో కేసింగ్ ప్రెజర్ 100 పీఎస్ఐజీ దాటితే డయాగ్నస్టిక్ టెస్టు చేయాలి. అర అంగుళం నీడిల్ వాల్వు గుండా వదిలి సున్నాకు వస్తుందా, తర్వాత 24 గంటల్లో ఎంత తిరిగి పెరుగుతుందో చూస్తారు. ఆ యాన్యులస్‌కు లెక్కించిన అనుమతించదగ్గ గరిష్ఠ పని ప్రెజర్ లోపుండి, 24 గంటల్లో సున్నాకు వస్తే నడుపుకోవచ్చు. రాకపోతే దిద్దుబాటు చర్య.

ఊరికే వదులుతూ పోవడం మంచిది కాదు. ప్రతిసారీ యాన్యులస్‌లోని బరువైన ద్రవం బయటికొచ్చి, దాని బదులు గ్యాస్ చేరుతుంది. ప్రెజర్ మరింత పెరుగుతుంది.

సబ్‌సర్ఫేస్ సేఫ్టీ వాల్వు (ప్రమాదంలో బావిని లోపలే మూసేది) సముద్రపు అడుగుకు కనీసం 100 అడుగుల కింద ఉండాలి. లీకేజీ హద్దు ద్రవమైతే నిమిషానికి 400 సీసీ, గ్యాస్ అయితే నిమిషానికి 15 ప్రామాణిక ఘనపు అడుగులు. దాటితే వాల్వు తీసి బాగుచేయాలి, లేదా మార్చాలి. తనిఖీలో దొరికే తప్పులను మూడు మెట్లుగా రాస్తారు: హెచ్చరిక, ఆ భాగం మూత, మొత్తం ప్లాట్‌ఫారం మూత. 

---

కాకినాడ_కెల్లీ:

లైనర్ వేశాక 9-5/8 మీద భారం పెరుగుతుందన్న మాట తట్టనేలేదు. ధన్యవాదాలండీ. మళ్లీ లెక్క వేస్తాను. లైనర్ ల్యాప్ (లైనర్ పైభాగం పాత కేసింగ్ లోపల ఉండే చోటు) టెస్టుకు ఏ అంకె పెట్టాలి?

---

హైడ్రోస్టాటిక్:

లైనర్ షూ కింది పొరకు మీరు ఊహిస్తున్న లీక్ ఆఫ్ ప్రెజర్‌కు (పొరలోకి మడ్ కారడం మొదలయ్యే ఒత్తిడికి) తగ్గకూడదు. ల్యాప్ లోతు దగ్గర మడ్ బరువు తీసేసి సర్ఫేస్ అంకె రాయండి. కింది పొర అంకె అలాగే సర్ఫేస్ గడిలో రాసేవాళ్లు చాలామంది.

---

రూల్_పుస్తకం:

ఉద్యోగం గురించి. బీఎస్ఈఈలో పెట్రోలియం ఇంజినీరు పోస్టు 0881 సిరీస్, అమెరికా పౌరసత్వం కావాలి. హెచ్1బీతో కుదరదు. వీసా మీద ఉన్నవాళ్లకు దారి ఆపరేటర్ వైపు, అంటే ఇదే ఫైలు రాసే డ్రిల్లింగ్ లేదా రెగ్యులేటరీ ఇంజినీరుగా. లెక్కలు అవే, సంతకం చేసే పక్క మాత్రం మారుతుంది.

మన దేశంలో ఆఫ్‌షోర్ భద్రతకు 2008 నిబంధనల కింద అధికారం ఓఐఎస్డీది (చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్), నోయిడాలో ఉంటుంది. నేరుగా డిగ్రీతో అక్కడికి వెళ్లడం అరుదు. ఎక్కువమంది చమురు కంపెనీల నుంచి డిప్యుటేషన్ మీద వస్తారు. కాబట్టి గేట్ రాసి ముందు డ్రిల్లింగ్‌లోనో వర్కోవర్‌లోనో (పాత బావుల మరమ్మతు పనిలో) చేరండి. కేజీ బేసిన్ పని మీ ఊళ్లోనే ఉంది. కేసింగ్ ట్యాలీ (పైపుల పొడవుల జాబితా), బీఓపీ చార్టు చేత్తో పట్టుకున్నవాడికే ఎదుటివాడి ఫైల్లో తప్పు కనిపిస్తుంది.