కారు గడప మీద గీతలు: స్టీలు ప్లేటా, ఫిల్మా?

నల్లరేగడి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. ఎనిమిది నెలల కిందట తెల్లరంగు హ్యాచ్‌బ్యాక్ కారు కొనుక్కున్నాము. వారానికి ఒకసారైనా గుంటూరు నుంచి మా ఊరికి వెళ్లి పొలం చూసుకుని వస్తుంటాము కనుక, చెప్పులకు అంటిన మట్టి అంతా కారెక్కేటప్పుడు డోరు కింది గడప మీదే రాలుతుంది. మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు ఉండడం వల్ల ఆవిడ ముందు ఒక కాలు గడప మీద ఆనించి, సీటు అంచు పట్టుకుని, ఆ తరవాత రెండో కాలును లోపలికి ఈడ్చుకుంటారు. ఆ ఈడ్పులో మట్టెలు తగిలి వెనక ఎడమ డోరు దగ్గర నల్ల ప్లాస్టిక్ మీద తెల్లటి చారలు పడ్డాయి. దాని పక్కనే రంగు వేసిన రేకు మీద మూడు సన్నని గీతలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకదానికి గోరు తట్టుకుంటోంది. యాక్సెసరీల దుకాణంలో స్టీలు స్కఫ్ ప్లేట్లు (గడపను కప్పే పలకలు) వేయించుకోమంటున్నారు, మా మిత్రుడేమో పారదర్శకమైన ఫిల్మ్ అంటిస్తే చాలంటున్నాడు. ఏది మేలు? ఇప్పటికే పడిన గీతలను ఏం చేయాలి?

పాతికేళ్ల పానా:
ప్లేటా, ఫిల్మా అన్నది తరవాత తేల్చుకోవచ్చు. గోరు తట్టుకుంటున్న ఆ గీతను ముందు చూడండి. కారు రేకు మీద తుప్పు పట్టనివ్వని పూత, ప్రైమరు, రంగు, పైన రంగులేని క్లియర్ కోటు అన్నీ కలిపినా మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మాత్రమే ఉంటుంది. గీత అడుగున బూడిదరంగు కనిపిస్తే ప్రైమరు దాకా దిగిందని, రేకు మెరుపు కనిపిస్తే అన్ని పూతలూ తెగిపోయాయని అర్థం. ఆ స్థితిలో దాని మీద ఏది అంటించినా లోపల చిక్కిన తేమ తుప్పుగా మారుతుంది. కనుక మీ కారు రంగు కోడు చెప్పి టచప్ పెయింటు తెచ్చుకుని, గీతను శుభ్రం చేసి, అగ్గిపుల్ల మొనతో పలుచగా రెండు మూడు సార్లు అద్ది, బాగా ఆరనివ్వండి. గోరుకు తగలని గీతలు క్లియర్ కోటులోనే ఉంటాయి కాబట్టి పాలిష్‌తో చాలావరకు పోతాయి.

ఇక ప్లాస్టిక్ భాగం వేరే సంగతి. గరుకు ప్లాస్టిక్‌ను పాలిష్ చేస్తే ఆ గరుకు పోయి నున్నటి మచ్చ మిగులుతుంది. వేడిగాలి ఊదే హీట్ గన్‌తో చారలు పోగొట్టే వీడియోలు చాలానే ఉన్నాయి కానీ, చేయి తిరగనివారు ఆ పనికి దిగితే ప్లాస్టిక్ కరిగి వంకర పోతుంది. ఆ భాగాన్ని ప్లేటుతో కప్పేయడమే నయం. నా మాట ఏమిటంటే, ప్లాస్టిక్ మీద ప్లేటు, రంగు రేకు మీద ఫిల్మ్ వేయించుకోండి. ప్లేటును మరలతో బిగిస్తామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఆ ప్లాస్టిక్ కింద నుంచే వెనక్కి వెళ్లే వైర్ల కట్ట ఉంటుంది.

ఎండాకాలం:
పానా గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను కానీ, స్టీలు ప్లేట్ల విషయంలో నా అనుభవం అంత బాగా లేదు. మా పాత కారుకు వేయించినవి రెండో వేసవికే ఒక అంచున లేచాయి, ఆ సందులో చేరిన ఇసుక కింది ప్లాస్టిక్‌ను ఉప్పుకాగితంలా అరగదీసింది. తడి చెప్పుతో అడుగు వేస్తే జారుతుంది కూడా. పెద్దవారు ఎక్కే కారుకు నున్నటి స్టీలు కన్నా గరుకుగా ఉన్న ప్లాస్టిక్ ప్లేటు మంచిదని నా అభిప్రాయం. లైటు వెలిగే ప్లేట్ల కోసం వైర్లు కోయించుకుంటే వారంటీ దగ్గర పేచీ వస్తుంది.

రేకుకు పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అనే ఫిల్మ్ తీసుకోండి. సుమారు 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉండే ఈ ఫిల్మ్ సాగుతుంది, చిన్న గీతలు ఎండ వేడికి వాటంతట అవే మానుతాయి. గడప మాత్రానికి మీరే అంటించుకోవచ్చు. ముందుగా పాత దినపత్రికను గడప మీద పరచి నమూనా కత్తిరించుకుని, ఫిల్మ్‌ను దానికన్నా 2 మిల్లీమీటర్లు లోపలికి కోసి, మూలలను గుండ్రంగా చేయండి. కోణంగా వదిలేసిన మూలే మొదట లేస్తుంది. రేకును షాంపూ నీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రంగును కాపాడే సిరామిక్ కోటింగు చేయించి ఉంటే దాని మీద జిగురు సరిగా పట్టదు. తరవాత రేకు మీదా ఫిల్మ్ జిగురు వైపునా రెండు చుక్కల బేబీ షాంపూ కలిపిన నీళ్లు చల్లి, ఫిల్మ్‌ను సరిగ్గా కూర్చోబెట్టి, పాత ఏటీఎం కార్డుకు మెత్తటి గుడ్డ చుట్టి నడుమ నుంచి అంచులకు నీటిని నెట్టేయండి. ఈ పని ఉదయం నీడపట్టున చేయాలి, ఎండలో కాలిన రేకు మీద నీళ్లు ఆరిపోయి ఫిల్మ్ ఎక్కడ పడితే అక్కడ అంటుకుపోతుంది. రెండు రోజులు కారు కడగవద్దు.

గోనెపట్టా:
అమ్మగారి కోసం వెనక సీటు కింద ఒక చిన్న పీట పెట్టుకోండి. ఎక్కేటప్పుడు దాన్ని డోరు బయట నేల మీద వేసి, దాని మీద కాలు పెట్టి, ముందుగా సీటు మీద కూర్చుని, ఆ తరవాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకుంటే గడపకు మట్టెలు తగలవు, మోకాలికీ సుఖం. మట్టికైతే డిక్కీలో గోనెపట్టా ఒకటి ఉంచుకుని ఎక్కేముందు చెప్పులు దులపడమే. గడప మీది ఇసుకను పొడిగుడ్డతో రుద్దవద్దు, నీళ్లు పోసి కడిగేయండి.

నల్లరేగడి:
అందరికీ కృతజ్ఞతలు. గీతకు టచప్ వేసి వారం ఆగి, నిన్న ఉదయం ఫిల్మ్ అంటించాను. మొదటి ముక్కను రబ్బరు బీడింగు కిందికి దూర్చాను, సాయంత్రానికి ఆ అంచు లేచింది. అక్కడ సన్నని పట్టీ కోసేశాక ఇప్పుడు కదలడం లేదు. ప్లేట్లు గరుకువే చెప్పాను, ఇంకా రాలేదు. పీట మాత్రం నిన్ననే కారెక్కింది.